కన్సల్టింగ్ కంపెనీలో అనుభవంతో చేరేటప్పుడు లెవెల్ గురించి ఎలా మాట్లాడుకోవాలి

ఏడెనిమిదేళ్లు ఐటీ సర్వీసుల కంపెనీలోనో, బ్యాంకులోనో, ఫార్మా కంపెనీ ఫైనాన్స్ విభాగంలోనో పనిచేసి కన్సల్టింగ్ వైపు మారేవారిలో చాలామంది బేరమంతా జీతం దగ్గరే చేస్తారు. హైక్ ఎంత, జాయినింగ్ బోనస్ ఇస్తారా, వేరియబుల్ ఎంత అని గుచ్చి గుచ్చి అడిగి, ఆఫర్ లెటర్ మీద ఉన్న హోదాను మాత్రం కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టు ఒప్పుకుంటారు. కన్సల్టింగ్‌లో ఈ వరుస తిరగబడాలి. మీ జీతం ఏ హద్దుల మధ్య ఉండాలి, బోనస్ ఎంత శాతం, క్లయింట్‌కు మీ గంటను ఎంతకు బిల్ చేస్తారు, తర్వాతి ప్రమోషన్‌కు మీ సర్వీసును ఎక్కడి నుంచి లెక్కపెడతారు అన్నవన్నీ లెవెల్‌ను బట్టే తేలుతాయి. ఆ లెవెల్ కూడా ఆఫర్ లెటర్ వచ్చిన రోజున తేలేది కాదు. ఆ ఖాళీని నింపడానికి కంపెనీ లోపల అనుమతి తీసుకున్న రోజునే సగం ఖరారై ఉంటుంది. కాబట్టి ఈ మాట ఎప్పుడు ఎత్తాలి, ఎవరి దగ్గర ఎత్తాలి, ఏం చూపించి అడగాలి అన్నది దరఖాస్తు పంపే ముందే మీకు తెలిసి ఉండాలి.

ఇక్కడ రాసింది ముఖ్యంగా హైదరాబాద్‌లోని పెద్ద కన్సల్టింగ్ ఆఫీసుల్లో ఏడు నుంచి పన్నెండేళ్ల అనుభవంతో చేరేవారి కోసం. అమెరికాలో ఉండి మారేవారికి అవసరమైన కొన్ని విషయాలు వేరుగా ఉన్నాయి.

1. మెట్ల వరుసను, మీరు చేరబోయే సంస్థను సరిగ్గా తెలుసుకోండి

హోదాల పేర్లను నమ్ముకోవద్దు. మెకిన్సీలో అసోసియేట్ అంటే సాధారణంగా ఎంబీఏ తర్వాత చేరే స్థాయి. బీసీజీలో అదే పేరు డిగ్రీ పూర్తిచేసి వచ్చినవారి తొలి మెట్టుది, ఎంబీఏ చేసినవారు అక్కడ కన్సల్టెంట్‌గా చేరతారు. పీడబ్ల్యూసీలో అసోసియేట్, సీనియర్ అసోసియేట్, మేనేజర్, సీనియర్ మేనేజర్, డైరెక్టర్, పార్ట్‌నర్ అన్న వరుస ఉంది. డెలాయిట్ కన్సల్టింగ్‌లో అనలిస్ట్, కన్సల్టెంట్, సీనియర్ కన్సల్టెంట్, మేనేజర్, సీనియర్ మేనేజర్ అన్న వరుస చాలాకాలంగా నడిచింది. యాక్సెంచర్‌లో లెవెళ్లకు అంకెలుంటాయి, పైకి వెళ్లేకొద్దీ ఆ అంకె తగ్గుతుంది: మేనేజర్ 7 అయితే సీనియర్ మేనేజర్ 6. ఐటీ సర్వీసుల కంపెనీలో మీ కార్డు మీద ప్రాజెక్ట్ మేనేజర్ అని ఉన్నంత మాత్రాన ఇక్కడి మేనేజర్‌తో అది సమానం కాదు, ఇంటర్వ్యూ చేసేవారు ఆ పోలికను లెక్కలోకి తీసుకోరు కూడా.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీ అన్నవి ఒక్కొక్కటీ ఒకే కంపెనీ కాదు, దేశానికో సభ్య సంస్థ ఉన్న నెట్‌వర్కులు. భారతీయ క్లయింట్లకు పనిచేసే సభ్య సంస్థ ఒకటి, అమెరికా తదితర దేశాల సభ్య సంస్థల పనిని ఇక్కడి నుంచి చేసే సంస్థ మరొకటి. డెలాయిట్ యూఎస్ ఇండియా ఆఫీసులు, ఈవై జీడీఎస్, కేపీఎంజీ గ్లోబల్ సర్వీసెస్, పీడబ్ల్యూసీ యాక్సెలరేషన్ సెంటర్లు రెండో కోవకు చెందినవి. బోర్డు మీద పేరు ఒకటే అయినా ఈ రెండింట్లో మేనేజర్ చేసే పని, జీతం, క్లయింట్‌తో ముఖాముఖి సంబంధం వేరుగా ఉంటాయి. స్నేహితుడు చెప్పిన జీతాన్ని, లెవెల్‌ను మీ లెక్కలోకి తెచ్చుకునే ముందు అతను ఏ సంస్థ పేరోల్ మీద ఉన్నాడో కనుక్కోండి.

పేర్లను పక్కన పెట్టి పనిని చూస్తే, మెట్లు దాదాపు అన్ని చోట్లా ఒకేలా ఉంటాయి. అట్టడుగున ఉన్నవారు చెప్పిన ముక్క చేస్తారు. ఆపై స్థాయివారు ఒక భాగాన్ని సొంతంగా పూర్తిచేస్తారు. సీనియర్ కన్సల్టెంట్ ఒక వర్క్‌స్ట్రీమ్ (ప్రాజెక్టులో ఒక పూర్తి పాయ) మొత్తాన్ని నడుపుతూ కిందివారి పనిని సరిదిద్దుతారు. మేనేజర్ ప్రాజెక్టును రోజువారీగా నడుపుతారు, బడ్జెట్‌కు జవాబుదారీ అవుతారు, క్లయింట్ అసంతృప్తిగా ఉన్నప్పుడు మొదటి ఫోన్ ఎత్తేది కూడా ఆయనే. సీనియర్ మేనేజర్ రెండు మూడు ప్రాజెక్టులు చూసుకుంటూ కొత్త పని తెచ్చే ప్రపోజళ్ల భారం మోస్తారు. ఆపైన ఉన్నవారిని ప్రధానంగా అమ్మకాలతోనే కొలుస్తారు. మీరు ఏ లెవెల్ అడగాలన్న ప్రశ్నకు జవాబు మీ అనుభవం ఎన్నేళ్లన్న అంకెలో దొరకదు. ఈ వరుసలో ఏ మెట్టు పని మీరు ఇప్పటికే చేస్తున్నారన్నదే దానికి జవాబు.

2. మీ పనిని వాళ్ల కొలతలో రాసుకోండి

అసలు కష్టపడాల్సింది ఇక్కడే, ఎక్కువమంది పది నిమిషాల్లో ముగించేదీ ఇక్కడే. రెజ్యూమేలో సాధారణంగా ఇలాంటి వాక్యం ఉంటుంది: ‘ఎస్ఏపీ ఫైనాన్స్ మాడ్యూల్‌లో ఎనిమిదేళ్ల అనుభవం. పన్నెండు మంది టీమ్‌కు నాయకత్వం వహించాను.’ ఇది చదివిన కన్సల్టింగ్ మేనేజర్‌కు మీరు ఏం నిర్ణయించారో, ఎవరిని ఒప్పించారో తెలియదు. పన్నెండు మంది టీమ్ అన్నది సర్వీసుల కంపెనీలో పెద్దమాటే కానీ, నలుగురైదుగురితో ప్రాజెక్టులు నడిచే చోట దానికి అంత బరువు లేదు.

అదే మనిషి చేసిన అదే పనిని ఇలా రాయవచ్చు: ‘మూడు దేశాల్లోని అనుబంధ కంపెనీల ఖాతాలను ఎస్4హానాలో ఒకే చార్ట్ ఆఫ్ అకౌంట్స్ కిందికి తెచ్చే ప్రాజెక్టులో డిజైన్ నిర్ణయాలు నేను తీసుకున్నాను. పాత ఖాతాలను వదులుకోవడానికి ఒప్పుకోని ఒక దేశపు ఫైనాన్స్ కంట్రోలర్‌తో మాట్లాడి, వారికి అవసరమైన రిపోర్టులు కొత్త పద్ధతిలోనూ వస్తాయని చూపించి ఒప్పించాను. వారం వారం స్టీరింగ్ కమిటీకి పురోగతి నేనే వివరించాను. రెండో దశ పనికి ఎఫర్ట్ ఎస్టిమేట్ నేనే వేశాను, ఆ అంచనా మీదే కాంట్రాక్ట్ పొడిగించారు.’ ఇందులో కొత్తగా కల్పించింది ఏమీ లేదు. నిర్ణయం, ఒప్పించడం, పైవారి ముందు మాట్లాడటం, డబ్బు లెక్క అన్న నాలుగు విషయాలు బయటికి వచ్చాయి, ఆ నాలుగే మేనేజర్ స్థాయికి వాడే కొలతలు.

గడచిన మూడు నాలుగేళ్లలో మీరు చేసిన పనుల్లో ఇలాంటివి మూడో నాలుగో ఏరుకుని, ఒక్కొక్కదాన్ని ఆరేడు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. రాస్తున్నప్పుడే మీకు నిజం తెలిసిపోతుంది. ‘మేము చేశాం’ అన్నచోటల్లా ‘నేను చేశాను’ అని మార్చి చూసినప్పుడు ఎన్ని వాక్యాలు నిలబడతాయో లెక్కపెట్టండి. సగానికి పైగా కూలిపోతే మీరు అడగాలనుకున్న లెవెల్ కన్నా ఒక మెట్టు కిందే మీకు సరైనదేమో ఆలోచించండి. అలా తేలడంలో చిన్నతనం లేదు. ఇంటర్వ్యూ గదిలో తేలడం కన్నా ఇంట్లో తేలడం మంచిది.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. లెవెల్ కోసం అనుభవాన్ని రెండు మూడేళ్లు పెంచి చూపించమని సలహా ఇచ్చేవారు అమీర్‌పేట నుంచి డల్లాస్ దాకా దొరుకుతారు. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేయకుండా ఎవరినీ నిలుపుకోవు. మీ యూఏఎన్ (పీఎఫ్ ఖాతాల ఉమ్మడి నంబరు) కింద ఏ కంపెనీ ఏ నెల నుంచి ఏ నెల దాకా పీఎఫ్ కట్టిందో ఈపీఎఫ్‌ఓ సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది, ఫామ్ 16లు, రిలీవింగ్ లెటర్లు దానితో సరిపోలాలి. థర్డ్ పార్టీ పేరోల్ మీద పనిచేసిన కాలం ఉంటే దాన్ని దాచకుండా, ఎవరి పేరోల్ మీద ఏ క్లయింట్ దగ్గర పనిచేశారో మొదటి నుంచీ ఒకే రకంగా చెప్పండి. ఆ కాలాన్ని అనుభవంగా లెక్కిస్తారా లేదా అన్నది కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ముందే అడిగి తెలుసుకోండి.

3. మొదటి ఫోన్‌లోనే లెవెల్ అడగండి

రిక్రూటర్ మొదటి ఫోన్‌లో సాధారణంగా మూడే ప్రశ్నలు వేస్తారు: ఇప్పటి సీటీసీ ఎంత, ఎంత ఆశిస్తున్నారు, నోటీస్ పీరియడ్ ఎంత. ఈ మూడింటికీ వరుసగా జవాబిచ్చి ఫోన్ పెట్టేస్తే, మీ ఇప్పటి జీతానికి ఇంత శాతం కలిపి ఆ మొత్తం ఏ బ్యాండ్‌లో (ఒక లెవెల్‌కు పెట్టిన జీతం హద్దుల్లో) పడుతుందో ఆ లెవెల్‌లో మిమ్మల్ని కూర్చోబెట్టే ప్రమాదం ఉంది. తక్కువ జీతంతో చాలాకాలం ఒకే కంపెనీలో ఉండిపోయినవారు ఎక్కువగా నష్టపోయేది ఈ లెక్కలోనే. సంభాషణ దాదాపు ఇలా నడవాలి.

‘మీ కరెంట్ సీటీసీ చెప్తారా అండీ?’

‘తప్పకుండా చెప్తానండీ. దానికన్నా ముందు ఒక్క విషయం, ఈ ఓపెనింగ్ ఏ లెవెల్‌కి అప్రూవ్ అయింది?’

‘సీనియర్ కన్సల్టెంట్ అండీ. మీ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్‌కి అదే మ్యాచ్ అవుతుంది.’

‘ఇప్పుడు నేను ప్రాజెక్ట్ ప్లాన్, బడ్జెట్, క్లయింట్ స్టీరింగ్ కమిటీ, మూడూ చూసుకుంటున్నానండీ. మీ దగ్గర అది మేనేజర్ చేసే పని అనుకుంటున్నాను. అదే ప్రాక్టీస్‌లో మేనేజర్ ఓపెనింగ్ ఉందా? లేకపోతే రెండు లెవెళ్లకీ కలిపి ఇంటర్వ్యూ చేసి, ప్యానెల్‌నే తేల్చమనొచ్చా?’

‘హైరింగ్ మేనేజర్‌ని అడిగి చెప్తానండీ.’

‘థాంక్యూ అండీ. నేను చేసిన రెండు ప్రాజెక్టుల వివరం ఒక పేజీలో పంపిస్తాను, వారికి ఫార్వర్డ్ చేయండి.’

ఇంతకు మించి వాదించనక్కర్లేదు. రిక్రూటర్‌కు లెవెల్ మార్చే అధికారం ఉండదు, ఆ మాటను హైరింగ్ మేనేజర్ దాకా మోసుకెళ్లే వీలు మాత్రం ఉంటుంది. రిక్రూటర్ చేతికి ఒక పేజీ కాగితం ఇస్తే మీ మాట మీ మాటల్లోనే పైకి వెళుతుంది. మీరు ఈ దశలో అడగడానికి గట్టి కారణం ఉంది. ఒక లెవెల్‌కు అనుమతి పొందిన ఖాళీని మరో లెవెల్‌కు మార్చాలంటే ప్రాక్టీస్ (ఒక రంగం పని చూసే విభాగం) పెద్దలు, హెచ్‌ఆర్, ఫైనాన్స్ మళ్లీ ఒప్పుకోవాలి. ఇంటర్వ్యూలన్నీ ముగిశాక ఆ తిరుగుడు పడే ఓపిక ఎవరికీ ఉండదు, ఇంటర్వ్యూలు మొదలవకముందైతే వేరే ఖాళీ కిందికి మీ పేరును మార్చడం తేలిక.

సీటీసీ చెప్పకుండా దాటవేయడం మన దగ్గర పెద్దగా పనిచేయదు, ఆఫర్ దశలో జీతం స్లిప్పులు అడుగుతారు కాబట్టి. చెప్పండి, కానీ లెవెల్ ప్రశ్నకు జవాబు వచ్చాక, ఫిక్స్‌డ్ ఎంతో వేరియబుల్ ఎంతో విడదీసి చెప్పండి. ఆశించే మొత్తాన్ని మాత్రం ‘లెవెల్ తేలాక ఆ బ్యాండ్‌ను బట్టి మాట్లాడుకుందాం’ అని ఆపవచ్చు.

4. ప్యానెల్‌లో ఎవరున్నారో చూడండి

ఇంటర్వ్యూ ఆహ్వానాల్లోని పేర్లు లెవెల్ గురించి చాలా చెబుతాయి. మిమ్మల్ని మేనేజర్లు మాత్రమే చూస్తున్నారంటే మిమ్మల్ని వారి కింది స్థాయికి చూస్తున్నారనుకోవచ్చు. మేనేజర్ స్థాయికైతే కనీసం ఒక రౌండ్ సీనియర్ మేనేజర్‌తోనో డైరెక్టర్‌తోనో, చివరి రౌండ్ పార్ట్‌నర్‌తోనో ఉండడం మామూలు. పైవారి రౌండ్ కనిపించకపోతే, రిక్రూటర్‌ను మర్యాదగా అడగండి.

పార్ట్‌నర్ రౌండ్‌లో ‘మీరేమైనా అడగాలా?’ అన్నప్పుడు జీతం ఊసెత్తకుండా, ‘ఈ ప్రాక్టీస్‌లో మేనేజర్‌గా చేరినవారి నుంచి మొదటి ఆరు నెలల్లో మీరు ఏం ఆశిస్తారు?’ అని అడగండి. ఆయన చెప్పే జవాబును అక్షరాలా రాసుకోండి. తర్వాత లెవెల్ మీద వాదన వస్తే, ఆయన చెప్పిన పనులనూ మీరు చేసిన పనులనూ పక్కపక్కన పెట్టి చూపడమే మీకున్న అత్యంత బలమైన ఆధారం అవుతుంది.

మెకిన్సీ, బీసీజీ, బెయిన్ వంటి స్ట్రాటజీ సంస్థల సంగతి కొంత వేరు. అక్కడ ఏళ్ల అనుభవానికి కోత ఎక్కువ, ఒకే లెవెల్‌లో చేరేవారికి జీతాలు దాదాపు ఒకే తీరులో ఉంటాయి, ఆఫర్ వచ్చాక బేరానికి చోటు తక్కువ. అక్కడ లెవెల్ మారేది ప్రధానంగా కేస్ ఇంటర్వ్యూలో (ఒక వ్యాపార సమస్య ఇచ్చి అక్కడికక్కడే పరిష్కరించమనే ఇంటర్వ్యూలో) మీరు చూపిన పట్టును బట్టే.

5. ఒక మెట్టు కింద ఆఫర్ వస్తే ముందు లెక్క వేయండి

మేనేజర్‌ను అడిగితే సీనియర్ కన్సల్టెంట్ ఆఫర్ వచ్చిందనుకుందాం. కోపం వస్తుంది, లేదా మొహమాటంతో ఒప్పేసుకోవాలనిపిస్తుంది. ఈ రెండింటి కన్నా ముందు కాగితం మీద మూడేళ్ల లెక్క వేయండి. కింద ఉన్న అంకెలు లెక్క చూపడానికే, ఏ కంపెనీ జీతాలూ కావు.

సీనియర్ కన్సల్టెంట్‌గా మొదటి ఏడాది 26 లక్షలు అనుకుందాం. రెండో ఏడాది 9 శాతం పెరిగి 28.34 లక్షలు. మూడో ఏడాది మొదట్లో ప్రమోషన్ వచ్చి 18 శాతం పెరిగితే 33.44 లక్షలు. మూడేళ్లకూ కలిపి 87.78 లక్షలు. అదే మేనేజర్‌గా 30 లక్షలతో చేరి, ప్రమోషన్ లేకుండా ఏటా 9 శాతమే పెరిగినా 30, 32.7, 35.64 కలిపి 98.34 లక్షలవుతాయి. తేడా పదిన్నర లక్షలకు పైమాటే. నాలుగు లక్షల జాయినింగ్ బోనస్ ఆ గోతిని పూడ్చలేదు. అందులోనూ ఆ బోనస్ ఒక్కసారే వస్తుంది, మరుసటి ఏడు హైక్‌ను దాని మీద లెక్కించరు. ఇక ప్రమోషన్ మూడో ఏడు రాకుండా నాలుగో ఏటికి జరిగితే తేడా ఇంకా పెరుగుతుంది.

ఇదే లెక్కలో దాగిన మరో ఉచ్చు కూడా ఉంది. ‘లెవెల్ మార్చలేం కానీ జీతం పెంచుతాం’ అని కింది లెవెల్ బ్యాండ్ పైఅంచున కూర్చోబెడతారు. ఆ రోజుకు అది మంచి ఆఫర్‌లాగే కనిపిస్తుంది. బ్యాండ్ పైఅంచున ఉన్నవారికి చాలాచోట్ల ఏటా పెంపు తక్కువగా వస్తుంది, మీ సహోద్యోగుల కన్నా ఎక్కువ జీతం తీసుకుంటున్నారు కాబట్టి రేటింగ్ దగ్గర మీ మీద ఆశలూ ఎక్కువగానే పెట్టుకుంటారు. నన్నడిగితే, రెండు లెవెళ్ల మధ్య జీతం తేడా కొద్దిపాటిదే అయినప్పుడు పై లెవెల్ బ్యాండ్ కిందిఅంచు, కింది లెవెల్ బ్యాండ్ పైఅంచు కన్నా మేలు.

లెక్క తేలాక రాతపూర్వకంగా అడగండి. ఫోన్‌లో అడిగినా అదే రోజు మెయిల్ పంపండి. రిక్రూటర్‌కు రాస్తూ, హైరింగ్ మేనేజర్‌ను కాపీలో పెట్టవచ్చా అని ముందుగా అడిగి పెట్టండి. మెయిల్ ఇంగ్లీషులోనే వెళుతుంది కాబట్టి దాని సారం ఇలా ఉండాలి: ‘ఆఫర్‌కు కృతజ్ఞతలు. ఈ టీమ్‌తో పనిచేయాలని నాకు నిజంగా ఉంది. లెవెల్ విషయంలో మాత్రం ఒక్కసారి పునరాలోచించమని కోరుతున్నాను. చివరి రౌండ్‌లో మేనేజర్ నుంచి ప్రాజెక్టు నిర్వహణ, బడ్జెట్, క్లయింట్ నాయకత్వంతో సంబంధం ఆశిస్తామని చెప్పారు. గత మూడేళ్లలో ఈ మూడూ నేను చేసిన రెండు ప్రాజెక్టుల వివరం జతచేశాను. ప్యానెల్‌కు నా విషయంలో ఏదైనా లోటు కనిపించి ఉంటే అదేమిటో తెలుసుకోవాలనుకుంటున్నాను. అవసరమైతే మరో రౌండ్‌కు సిద్ధంగా ఉన్నాను.’

ఈ మెయిల్‌లో ఇంటి లోన్, పిల్లల చదువు, ఇప్పటి కంపెనీలో జూనియర్‌కు వచ్చిన ప్రమోషన్ ప్రస్తావన ఉండకూడదు. అవి నిజమైన కష్టాలే కావచ్చు, వాటితో ప్యానెల్ నిర్ణయం మారదు. మరో కంపెనీ పై లెవెల్‌లో ఆఫర్ ఇచ్చి ఉంటే చెప్పండి. చేతిలో లేని ఆఫర్‌ను ఉన్నట్టు చెప్పవద్దు, ఎందుకంటే లెటర్ చూపమని అడగడం ఇక్కడ మామూలే.

6. లెవెల్ కదలకపోతే అడగవలసినవి

కొన్నిసార్లు నిజంగానే కదలదు. ఆ ఏడాదికి మేనేజర్ల సంఖ్యకు పరిమితి ఉండవచ్చు, లేదా మీరు ఇప్పటిదాకా కంపెనీ లోపలి విభాగంలోనే పనిచేసి క్లయింట్ ముందు కూర్చుని ఉండకపోవచ్చు. అప్పుడు రిక్రూటర్ నోట సాధారణంగా వినిపించే మాట ‘ఆరు నెలల్లో రివ్యూ చేస్తాం’. ఈ మాటను నోటిమాటగా ఒప్పుకోవద్దు. చెప్పిన రిక్రూటర్ ఆరు నెలలకు వేరే కంపెనీలో ఉండవచ్చు, పైగా రివ్యూ చేస్తామన్న మాటలో ప్రమోషన్ ఇస్తామన్న హామీ ఎక్కడా లేదు.

అడగాల్సింది తేదీ. కన్సల్టింగ్ కంపెనీల్లో ప్రమోషన్లు ఏ నెలలో పడితే ఆ నెలలో రావు, ఏడాదికి ఒకటి రెండు సార్లు అందరికీ కలిపి వస్తాయి. సంస్థల ఆర్థిక సంవత్సరాలు కూడా ఏప్రిల్ నుంచి మార్చి దాకానే ఉంటాయనుకోవద్దు: డెలాయిట్ గ్లోబల్ లెక్కలు మే 31తో, ఈవై, పీడబ్ల్యూసీ గ్లోబల్ లెక్కలు జూన్ 30తో, యాక్సెంచర్‌వి ఆగస్టు 31తో, కేపీఎంజీవి సెప్టెంబర్ 30తో ముగుస్తాయి. మీరు చేరబోయే భారతీయ సంస్థ రేటింగ్ సంవత్సరం ఎప్పుడు ముగుస్తుందో, ఏ తేదీ తర్వాత చేరినవారిని ఆ ఏడాది రేటింగ్‌లో లెక్కలోకి తీసుకోరో, లెవెల్‌లో కనీసం ఎన్నాళ్లు ఉంటే ప్రమోషన్‌కు అర్హత వస్తుందో, ఈ మూడూ రిక్రూటర్‌ను అడగండి. తొంభై రోజుల నోటీస్ పీరియడ్ పూర్తిచేసి వచ్చేసరికి ఆ తేదీ రెండు వారాల తేడాతో దాటిపోయి, పూర్తిగా ఒక ఏడాది పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు నోటీస్ బయౌట్ (మిగిలిన నోటీసు రోజులకు డబ్బు కట్టి ముందే బయటపడటం) ఖర్చు కొత్త కంపెనీ భరించాలని అడగడం, మరో లక్ష జాయినింగ్ బోనస్ అడగడం కన్నా తెలివైన పని.

దానితో పాటు, మొదటి ప్రమోషన్ చక్రంలోనే మేనేజర్‌కు మిమ్మల్ని పరిశీలిస్తారని, కనీస కాలపరిమితి మీకు అడ్డురాదని ప్రాక్టీస్ నాయకుల నుంచి ఒక మెయిల్ తీసుకోండి. ఆఫర్ లెటర్‌లో ఆ మాట పెట్టడానికి హెచ్‌ఆర్ సాధారణంగా ఒప్పుకోదు. మెయిల్ కూడా చట్టపరంగా హామీ కాకపోవచ్చు, కానీ ఏడాది తర్వాత ప్రమోషన్ చర్చలో మీ పేరు ఎత్తేవారి చేతిలో ఒక కాగితం ఉంటుంది.

7. పై లెవెల్ వద్దనుకోవలసిన చోటు

సీనియర్ కన్సల్టెంట్, మేనేజర్ల మధ్య అయితే పట్టుబట్టమంటాను. మేనేజర్, సీనియర్ మేనేజర్ల మధ్య అయితే ఆగి ఆలోచించమంటాను. సీనియర్ మేనేజర్ నుంచి కొత్త పని తేవాలన్న అంచనా మొదలవుతుంది. కంపెనీ లోపల ఎవరు ఎవరో తెలియకుండా, ఏ పార్ట్‌నర్ ఏ క్లయింట్‌ను చూస్తారో తెలియకుండా, మీ పేరు మీద ప్రపోజళ్లు లేకుండా మొదటి ఏడాది గడిస్తే రేటింగ్ దెబ్బతింటుంది. యుటిలైజేషన్ టార్గెట్ (మీ సమయంలో ఎంత శాతం క్లయింట్‌కు బిల్ కావాలన్న లక్ష్యం) కూడా ఉంటుంది కాబట్టి, ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద గడిపిన ప్రతి వారం లెక్కలో కనిపిస్తుంది. పై లెవెల్ వారి గంట రేటు ఎక్కువ కాబట్టి వారిని ప్రాజెక్టులో పెట్టుకోవడానికి తోటివారు వెనకాడతారు కూడా. కన్సల్టింగ్‌లో మొదటిసారి అడుగుపెడుతున్నవారు తమకు సీనియర్ మేనేజర్‌గా ఆఫర్ వస్తే, అమ్మకాల అంచనా మొదటి ఏడాదికి ఎంత, అది లేకుండా రేటింగ్ ఎలా ఇస్తారు అన్నవి స్పష్టంగా తేలాకే ఒప్పుకోవాలి.

8. అమెరికాలో ఉండి మారుతున్నవారికి

అక్కడ మీ చేతిలో సమాచారం ఎక్కువ. కొలరాడోలో 2021 నుంచి, న్యూయార్క్ నగరంలో 2022 నవంబర్ నుంచి, కాలిఫోర్నియాలో 2023 జనవరి నుంచి ఉద్యోగ ప్రకటనలో జీతం పరిధి చూపాలన్న చట్టాలున్నాయి. ఒకే సంస్థ సీనియర్ కన్సల్టెంట్‌కూ మేనేజర్‌కూ ఇచ్చిన ప్రకటనలను పక్కపక్కన పెడితే రెండు బ్యాండ్లూ, వాటి మధ్య అతివ్యాప్తీ కనిపిస్తాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ నగరం వంటి చోట్ల మీ పాత జీతం అడగడం మీద నిషేధం కూడా ఉంది, కాబట్టి హైదరాబాద్‌లోలాగా ముందుగా చెప్పేయనక్కర్లేదు. హెచ్1బీ కోసం కంపెనీలు వేసే లేబర్ కండిషన్ అప్లికేషన్ల వివరాలను అమెరికా కార్మిక శాఖ బహిరంగంగా పెడుతుంది, అందులో కంపెనీ, ఊరు, హోదా, జీతం కనిపిస్తాయి.

ఒకటి మాత్రం కలగలపవద్దు. ఆ అప్లికేషన్‌లో ఒకటి నుంచి నాలుగు దాకా ఉండే వేజ్ లెవెల్ ప్రభుత్వ కొలత, సంస్థలో మీ లెవెల్ వేరు. వీసా అవసరం ఉందన్న కారణంతో లెవెల్ గురించి నోరెత్తకుండా ఉండేవారు మనవాళ్లలో చాలామంది ఉన్నారు. వీసా స్పాన్సర్ చేస్తారా అన్న ప్రశ్నను మొదటి ఫోన్‌లోనే తేల్చుకుంటే, ఆ తర్వాత లెవెల్ మీద మీకూ మిగతావారితో సమానంగా మాట్లాడే హక్కు ఉంటుంది.

9. రాజీనామా పెట్టే ముందు

‘ముందు యాక్సెప్ట్ చేయండి, లెవెల్ సంగతి జాయిన్ అయ్యేలోపు చూసుకుందాం’ అన్న మాటకు తలూపవద్దు. మీరు రాజీనామా పెట్టిన మరుక్షణం బేరం చేసే బలం పోతుంది, తొంభై రోజుల తర్వాత వెనక్కి వెళ్లడానికి చోటు కూడా ఉండదు. సవరించిన ఆఫర్ లెటర్ చేతికొచ్చాకే రాజీనామా.

ఆ లెటర్‌లో హోదా పేరుతో పాటు లోపలి గ్రేడ్ కోడ్ ఉందా, అది మీకు చెప్పిన లెవెల్‌దేనా అని రిక్రూటర్‌తో మెయిల్‌లో ధ్రువీకరించుకోండి. ఫిక్స్‌డ్, టార్గెట్ వేరియబుల్ విడిగా చూడండి. ఏడాదిలోపు మానేస్తే జాయినింగ్ బోనస్ వెనక్కి ఇవ్వాలన్న షరతు దాదాపు ఖాయంగా ఉంటుంది. వెనక్కి ఇవ్వాల్సింది టాక్స్ కోసిన తర్వాత మీకు అందిన మొత్తమా, మొత్తం బోనసా అన్నది చదవండి. ఇప్పటి కంపెనీలో అయిదేళ్ల సర్వీసుకు కొద్ది నెలలే ఉంటే గ్రాట్యుటీ ఎంత పోతుందో లెక్కలోకి తీసుకుని, చేరే తేదీని దానికి తగ్గట్టు అడగండి.

చివరికి కింది లెవెల్‌లోనే చేరితే, మొదటి నెలలోనే మీకు కేటాయించిన కౌన్సెలర్‌తోనో కోచ్‌తోనో కూర్చోండి. ఆఫర్ దశలో ప్రాక్టీస్ నాయకుల నుంచి తీసుకున్న మెయిల్‌ను వారికి పంపండి. మేనేజర్ ప్రమోషన్‌కు ఏ ఆధారాలు అవసరమో, మీ కేసును ప్రమోషన్ చర్చలో వినిపించేది ఎవరో అడిగి రాసుకుని, మొదటి ప్రాజెక్టును ఎంచుకునే అవకాశం ఉంటే ఆ వినిపించే మనిషి నడిపే ప్రాజెక్టునే కోరుకోండి.